రెప్లికా మీద డేటాబేస్ బ్యాకప్ ఫెయిల్ అవుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇప్పుడు చిన్న ఆసుపత్రికి కూడా సొంత డేటాబేస్ ఉంది. కాలేజీ ఫీజులు, పలాస జీడిపప్పు వ్యాపారుల స్టాకు, రైసు మిల్లుల లెక్కలు అన్నీ పోస్ట్‌గ్రెస్‌లోనో మైఎస్‌క్యూఎల్‌లోనో నడుస్తున్నాయి. మెయిన్ సర్వర్ ఆఫీసులో పెట్టుకుని, దాని నకలుగా నడిచే రెప్లికాని విశాఖలోనో క్లౌడ్‌లోనో ఉంచేవాళ్ళు పెరిగారు, అది మంచి పనే. చిక్కల్లా బ్యాకప్‌ని రెప్లికా మీదకి మార్చాక మొదలవుతుంది. పగలు బాగానే ఉంటుంది, రాత్రి జాబ్ ఫెయిల్, పొద్దున్నే టెన్షన్.

కమాండ్లు, సెట్టింగులు, ఎర్రర్లు ఇక్కడ పలికే విధంగా తెలుగు లిపిలో ఇచ్చాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో అండర్‌స్కోర్లతో సహా కొట్టండి.

ఈ ఎర్రర్లలో చాలావాటికి మూలం ఒకటే. రెప్లికాకి మనం రెండు పనులు అప్పగిస్తున్నాం. ప్రైమరీలో, అంటే మెయిన్ సర్వర్లో, జరిగిన ప్రతి మార్పునీ వెంటవెంటనే తన మీద వేసుకోవాలి, అదే సమయంలో బ్యాకప్ పూర్తయ్యేదాకా పాత డేటాని కదపకుండా పట్టుకోవాలి. రెండూ ఒకేసారి కుదరని సందర్భాలు వస్తాయి. అప్పుడు ఏది ఆగాలో మీరు ముందే చెప్పి ఉంచాలి. చెప్పకపోతే డేటాబేస్ తనే తేలుస్తుంది, పోస్ట్‌గ్రెస్‌లో అయితే చచ్చేది మీ బ్యాకప్పే.

రెప్లికా ఉంది కదా, మళ్ళీ బ్యాకప్ ఎందుకు?

డిలీట్ కమాండ్ రాసి వేర్ కండిషన్ మర్చిపోయారనుకోండి. ప్రైమరీలో రోలన్నీ (టేబుల్లోని వరసలన్నీ) పోతాయి, రెప్లికాలో కూడా పోతాయి, అదీ సెకన్లలో. రెప్లికా పని అదే, ప్రైమరీ ఏం చేస్తే అది చేయడం. డిస్క్ పోయినా, మదర్‌బోర్డు కాలిపోయినా రెప్లికా ఆదుకుంటుంది, మనిషి చేతి తప్పుకీ అప్లికేషన్ బగ్‌కీ ఆదుకోదు.

కావాలని ఆలస్యంగా నడిపే రెప్లికా పెట్టుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో రికవరీ_మిన్_అప్లై_డిలే, మైఎస్‌క్యూఎల్‌లో సోర్స్_డిలే ఉన్నాయి. కొన్ని గంటలు వెనక ఉంచితే, తప్పు జరిగిన సంగతి ఆ లోపు తెలిస్తే డేటా దక్కుతుంది. తెలియకపోతే దక్కదు. కాబట్టి అది కూడా బ్యాకప్ కాదు.

బ్యాకప్ ప్రైమరీ మీద తీయాలా, రెప్లికా మీదా?

డేటా చిన్నదైతే, రాత్రి పూట వాడకం లేకపోతే ప్రైమరీ మీదే తీసేయండి. ఈ పేజీలో సగం గొడవలు మీకు ఉండవు. ఇరవై నాలుగు గంటలూ బిల్లింగ్ నడిచే ఆసుపత్రి లాంటి చోట, డంప్ (డేటా మొత్తాన్ని ఫైల్లోకి తీయడం) నడుస్తుంటే కౌంటర్లో స్క్రీన్ తిరుగుతూ ఉండిపోయే చోట మాత్రమే రెప్లికా మీదకి వెళ్ళండి. అందరూ చేస్తున్నారని మార్చకండి.

పీజీ_డంప్ మధ్యలో ఆగి "క్యాన్సిలింగ్ స్టేట్‌మెంట్ డ్యూ టు కాన్‌ఫ్లిక్ట్ విత్ రికవరీ" అంటోంది. ఏటయింది దీనికి?

ఎక్కువమంది వచ్చేది దీని కోసమే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పోస్ట్‌గ్రెస్‌లో డంప్ తీసే కమాండ్ పీజీ_డంప్. అది మొదలైన క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే చివరిదాకా చూడాలనుకుంటుంది. మీ బిల్లుల టేబుల్ పెద్దది, డంప్‌కి నలభై నిమిషాలు పడుతుందనుకుందాం. ఈలోగా ప్రైమరీ మీద వ్యాక్యూమ్ నడిచి, అప్‌డేట్ అయిపోయిన పాత రోలని శుభ్రం చేస్తుంది. రెప్లికా మీద డంప్ నడుస్తున్న సంగతి ప్రైమరీకి తెలియదు. ఆ శుభ్రం చేసిన సమాచారం వాల్ (ప్రతి మార్పునీ రాసిపెట్టే లాగ్) రూపంలో రెప్లికాకి వస్తుంది. వేసుకుంటే డంప్ చూస్తున్న రోలు మాయం, వేసుకోకపోతే రెప్లికా వెనకబడిపోతుంది. పోస్ట్‌గ్రెస్ కాసేపు ఆగుతుంది, ఆ తర్వాత క్వెరీని చంపేసి ముందుకు పోతుంది. ఎంతసేపు ఆగాలో చెప్పేది మ్యాక్స్_స్టాండ్‌బై_స్ట్రీమింగ్_డిలే, డీఫాల్ట్ 30 సెకన్లు.

ఆ 30 సెకన్లు మీ క్వెరీకి ఇచ్చిన గడువు అని చాలామంది అనుకుంటారు. కాదు. రెప్లికాకి వాల్ అందినప్పటి నుంచి దాన్ని వేసుకోవడానికి ఉన్న మొత్తం గడువు అది. రెప్లికా అప్పటికే 25 సెకన్లు వెనకబడి ఉంటే మీ డంప్‌కి మిగిలేది ఐదే. అందుకే ఒక రోజు అవుతుంది, ఒక రోజు అవ్వదు, కారణం అంతుపట్టదు.

అసలు ఏ రకం కాన్‌ఫ్లిక్ట్ అన్నది ఊహించకండి, చూడండి. రెప్లికా మీద పీజీ_స్టాట్_డేటాబేస్_కాన్‌ఫ్లిక్ట్స్ అనే వ్యూ ఉంది. అందులో కాన్‌ఫ్ల్_స్నాప్‌షాట్ అంకె పెరుగుతుంటే వ్యాక్యూమ్ గొడవ, కాన్‌ఫ్ల్_లాక్ పెరుగుతుంటే లాక్ గొడవ. రెండింటికీ మందు వేరు.

ఆ డిలేని మైనస్ 1 పెట్టేస్తే పోలేదా?

పోతుంది. మైనస్ 1 అంటే ఎంతసేపైనా ఆగమని. డంప్ బతుకుతుంది, కానీ అది అయ్యేదాకా రెప్లికా మీద కొత్త డేటా కనిపించకపోవచ్చు. ఆ రెప్లికా మీద రిపోర్టులు చూసేవాళ్ళు ఉంటే వాళ్ళకి పాత లెక్కలే కనిపిస్తాయి. వాల్ వస్తూనే ఉంటుంది కాబట్టి రెప్లికా డిస్క్‌లో అంత చోటు ఉండాలి. ఆ సమయంలో ప్రైమరీ పడిపోతే, పోగైన వాల్ అంతా వేసుకున్నాకే రెప్లికా పైకి లేస్తుంది. ఇంకొకటి, సింక్రనస్_కమిట్ ని రిమోట్_అప్లై అని పెట్టుకున్నవాళ్ళు దీని జోలికి అసలు పోవద్దు, ఇక్కడ రెప్లికా ఆగితే అక్కడ ప్రైమరీలో కమిట్లు ఆగిపోతాయి.

బ్యాకప్ కోసమే ఒక రెప్లికా విడిగా ఉంటే మైనస్ 1 హాయిగా పెట్టుకోండి. ఒకే రెప్లికాతో ఫెయిలోవర్ (ప్రైమరీ పోతే దాని చోటు తీసుకోవడం), రిపోర్టులు, బ్యాకప్ మూడూ నడిపిస్తుంటే వద్దు.

నాకు బాగా నచ్చే పద్ధతి వేరే ఉంది. బ్యాకప్ ముందు రెప్లికా మీద పీజీ_వాల్_రీప్లే_పాజ్ ఫంక్షన్ పిలిచి రీప్లేని ఆపేయడం, డంప్ తీయడం, తర్వాత పీజీ_వాల్_రీప్లే_రెజ్యూమ్ పిలవడం. రీప్లే ఆగాక కాన్‌ఫ్లిక్ట్ వచ్చే దారే లేదు. ఏది ఎప్పుడు ఆగుతుందో మీ చేతిలో ఉంటుంది. వెర్షన్ 14 నుంచి పాజ్ అడగ్గానే ఆగినట్టు కాదు, పీజీ_గెట్_వాల్_రీప్లే_పాజ్_స్టేట్ "పాజ్డ్" అని చెప్పేదాకా స్క్రిప్ట్ ఆగి చూడాలి. డంప్ ఎలా ముగిసినా, చివరికి ఎర్రర్‌తో చచ్చినా రెజ్యూమ్ తప్పకుండా నడిచేలా షెల్ స్క్రిప్ట్‌లో ట్రాప్ పెట్టండి. లేకపోతే రెప్లికా ఆగిపోయి ఉన్న సంగతి రెండు రోజులకి ఎవరో రిపోర్టు తేడాగా ఉందంటే తెలుస్తుంది.

హాట్_స్టాండ్‌బై_ఫీడ్‌బ్యాక్ ఆన్ చేశాను, అయినా అదే ఎర్రర్ వస్తోంది.

ఫీడ్‌బ్యాక్ చేసేది ఒక్కటే. ఈ రోలు నాకు ఇంకా కావాలి అని రెప్లికా ప్రైమరీకి చెప్తుంది, వ్యాక్యూమ్ వాటిని వదిలేస్తుంది. స్నాప్‌షాట్ గొడవ తగ్గుతుంది. లాక్ గొడవకి అది పనిచేయదు. ప్రైమరీలో ఎవరైనా ట్రంకేట్ కొట్టినా, డ్రాప్ టేబుల్ కొట్టినా, ఆల్టర్ చేసినా ఆ గట్టి లాక్ రెప్లికాకి కూడా వస్తుంది, డంప్ పట్టుకున్న చిన్న లాక్‌తో పడదు. రాత్రి పూట తాత్కాలిక టేబుళ్ళని ట్రంకేట్ చేసి మళ్ళీ నింపే జాబులు మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో చాలా ఉంటాయి, ముందు వాటి టైమింగ్ చూడండి. వ్యాక్యూమ్ కూడా చివర్లో టేబుల్ తోకలో ఖాళీ పేజీలని కత్తిరించడానికి అదే లాక్ తీసుకుంటుంది. వెర్షన్ 12 నుంచి ఆ టేబుల్‌కి వ్యాక్యూమ్_ట్రంకేట్ ఆఫ్ చేసుకోవచ్చు.

ఫీడ్‌బ్యాక్‌కి ఖర్చు కూడా ఉంది. డంప్ నడిచినంతసేపూ ప్రైమరీలో చచ్చిన రోలు పోగుపడతాయి, టేబుళ్ళు ఉబ్బుతాయి. నలభై నిమిషాలకి పర్వాలేదు, ఆరు గంటల డంప్‌కి పర్వాలేదని చెప్పలేను.

రెప్లికా నుంచి తీసిన డంప్‌లో ఒక టేబుల్ ఖాళీగా వచ్చింది!

అది అన్‌లాగ్డ్ టేబుల్ అయ్యుంటుంది. వాటి డేటా వాల్‌లోకి వెళ్ళదు కాబట్టి రెప్లికాలో ఉండదు, స్టాండ్‌బై (పోస్ట్‌గ్రెస్‌లో రెప్లికాకి ఇంకో పేరు) నుంచి తీసిన డంప్‌లోకీ రాదు. అవసరమైన డేటా అయితే దాన్ని లాగ్డ్ టేబుల్‌గా మార్చండి.

"రిక్వెస్టెడ్ వాల్ సెగ్మెంట్ హ్యాజ్ ఆల్రెడీ బీన్ రిమూవ్డ్" వస్తోంది.

రెప్లికా అడిగిన వాల్ ఫైల్‌ని ప్రైమరీ అప్పటికే తీసేసింది. మన వైపు ఎక్కువగా కరెంటు పోయి, రౌటర్ పోయి, లింకు గంటల తరబడి పడిపోయినప్పుడు వస్తుంది. ఆ ఫైల్ ఆర్కైవ్‌లో (వాల్ ఫైళ్ళ కాపీలు దాచే వేరే చోట్లో) ఉంటే రీస్టోర్_కమాండ్‌తో అక్కడి నుంచి లాక్కుంటుంది. లేకపోతే రెప్లికాని పీజీ_బేస్‌బ్యాకప్‌తో మొదటి నుంచి కట్టుకోవాలి, దగ్గరదారి లేదు.

మళ్ళీ రాకుండా మూడు దారులున్నాయి. వాల్_కీప్_సైజ్ పెంచడం, రెప్లికేషన్ స్లాట్ (రెప్లికా తీసుకునేదాకా వాల్‌ని ప్రైమరీలో దాచే ఏర్పాటు) పెట్టడం, వాల్ ఆర్కైవింగ్ పెట్టుకోవడం. నేనైతే ఆర్కైవింగ్ తప్పకుండా పెట్టమంటాను, ఎందుకంటే పీజీ_బేస్‌బ్యాకప్ కాపీతో పాటు అది ఉంటే తప్పు జరిగిన నిమిషానికి ముందు దాకా డేటాని వెనక్కి తెచ్చుకోవచ్చు. మిగతా రెండూ రెప్లికాని మాత్రమే కాపాడతాయి.

స్లాట్ పెట్టాక ప్రైమరీ డిస్కే నిండిపోయింది. పీజీ_వాల్ ఫోల్డర్లో ఫైళ్ళు తీసేయొచ్చా?

వద్దు. ఆ ఫోల్డర్లో చేత్తో ఒక్క ఫైల్ కూడా తీయొద్దు. అవి పనికిరాని లాగులు కావు, డేటాబేస్ మళ్ళీ లేవడానికి కావాల్సినవి అవే. అవి తీసేసి డేటాబేస్ మొత్తం పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

జరిగింది ఏమిటంటే, రెప్లికా పడి ఉంది, స్లాట్ మాత్రం దాని కోసం 16 ఎంబీ ఫైళ్ళు ఒక్కొక్కటీ దాస్తూ పోయింది. పీజీ_రెప్లికేషన్_స్లాట్స్ లో యాక్టివ్ కాని స్లాట్ ఏదో చూడండి. ఆ రెప్లికా త్వరగా లేచే పరిస్థితి లేకపోతే స్లాట్ డ్రాప్ చేయండి, తర్వాతి చెక్‌పాయింట్‌కి చోటు ఖాళీ అవుతుంది. వెర్షన్ 13 నుంచి మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ ఉంది, డీఫాల్ట్‌గా హద్దు లేదు, మీ డిస్క్‌ని బట్టి ఒక హద్దు పెట్టండి. రెప్లికా పోతే మళ్ళీ కట్టుకోవచ్చు, ప్రైమరీ ఆగితే ఓపీ కౌంటర్ ముందు జనం నిలబడిపోతారు.

స్లాట్ ఏదీ లేకపోయినా వాల్ పెరుగుతుంటే ఆర్కైవ్_కమాండ్ ఫెయిల్ అవుతోందేమో చూడండి. పీజీ_స్టాట్_ఆర్కైవర్ లో ఫెయిల్డ్_కౌంట్ అంకె చెప్పేస్తుంది. ఎక్కువసార్లు ఆర్కైవ్ పెట్టే డిస్క్ నిండిపోయి ఉంటుంది, లేదా మౌంట్ ఊడిపోయి ఉంటుంది.

స్టాండ్‌బై నుంచి పీజీ_బేస్‌బ్యాకప్ తీస్తుంటే అంతా కాపీ అయ్యి చివర్లో వేలాడుతోంది.

చివరి వాల్ ఫైల్ కోసం చూస్తోంది. స్టాండ్‌బై తనంతట తాను వాల్ ఫైల్ మార్చలేదు, ప్రైమరీలో రాత పనులు లేకపోతే ఆ ఫైల్ నిండదు. అర్ధరాత్రి పని లేని ఆఫీసు సర్వర్లలో ఇది మామూలే. ప్రైమరీ మీద పీజీ_స్విచ్_వాల్ ఒకసారి కొట్టండి, కదులుతుంది. బ్యాకప్ మధ్యలో ఆ స్టాండ్‌బైని ప్రమోట్ చేస్తే, అంటే ప్రైమరీగా మారిస్తే, ఆ బ్యాకప్ చెల్లదు, మళ్ళీ తీయాల్సిందే. మొదట్లోనే కనెక్షన్ ఇవ్వనంటే మ్యాక్స్_వాల్_సెండర్స్ చూడండి, వాల్‌ని స్ట్రీమ్ చేస్తూ తీసే బేస్‌బ్యాకప్‌కి రెండు కనెక్షన్లు కావాలి.

మైఎస్‌క్యూఎల్‌డంప్ ఎర్రర్ 2013, లాస్ట్ కనెక్షన్ అంటోంది. నెట్‌వర్క్ బాగానే ఉంది.

డంప్‌ని నేరుగా ఎస్ఎస్‌హెచ్ పైపులోంచి విశాఖలో సర్వర్‌కి పంపిస్తున్నారా? అటు నెమ్మదిస్తే ఇటు మైఎస్‌క్యూఎల్‌డంప్ చదవడం ఆపేస్తుంది, సర్వర్ నెట్_రైట్_టైమౌట్ డీఫాల్ట్ 60 సెకన్లు చూసి కనెక్షన్ తెంపేస్తుంది. ముందు లోకల్ డిస్క్ మీదకి తీసి, తర్వాత ఆర్‌సింక్‌తో పంపండి. అలా చేస్తే లింకు మధ్యలో పోయినా డంప్ మిగులుతుంది, పంపడం ఒక్కటే మళ్ళీ చేసుకోవచ్చు.

ఎర్రర్ 2020 అయితే వేరే సంగతి, స్కాన్ రిపోర్టులు టేబుల్లోనే దాచుకున్నప్పుడు ఒక్కో రో మ్యాక్స్_అలౌడ్_ప్యాకెట్ దాటుతుంది. డంప్ కమాండ్‌లో ఆ సైజు పెంచండి.

ఎర్రర్ 1412, టేబుల్ డెఫినిషన్ హ్యాజ్ చేంజ్డ్?

సింగిల్_ట్రాన్సాక్షన్‌తో (అంతా ఒకే క్షణం నాటి డేటాగా తీసే ఆప్షన్) డంప్ నడుస్తుండగా ఎవరో ప్రైమరీలో ఆల్టర్ టేబుల్ చేశారు, అది రెప్లికేషన్ ద్వారా ఇక్కడికి వచ్చింది. డంప్ ముందు రెప్లికా ఎస్‌క్యూఎల్ థ్రెడ్ (వచ్చిన మార్పులు వేసుకునేది) ఆపి, తర్వాత స్టార్ట్ చేయండి. ఐఓ థ్రెడ్‌ని నడవనివ్వండి, లాగులు వస్తూ ఉంటాయి.

సింగిల్_ట్రాన్సాక్షన్ రక్షణ ఇన్నోడీబీ టేబుళ్ళకే అని గుర్తుంచుకోండి. పాత సాఫ్ట్‌వేర్లలో మైఐసామ్ టేబుళ్ళు ఇంకా తగులుతున్నాయి, థ్రెడ్ ఆపి తీస్తే వాటికీ మేలే.

సోర్స్_డేటా వాడాలా, డంప్_రెప్లికా వాడాలా?

ఇవి మైఎస్‌క్యూఎల్‌డంప్ ఆప్షన్లు. రెప్లికా మీద తీస్తూ సోర్స్_డేటా ఇస్తే ఫైల్లో పడేది ఆ రెప్లికా సొంత బిన్‌లాగ్ (మైఎస్‌క్యూఎల్ మార్పుల లాగ్) పొజిషన్. డంప్_రెప్లికా ఇస్తే పడేది అసలు ప్రైమరీ పొజిషన్. ఆ డంప్‌తో ప్రైమరీకి ఇంకో కొత్త రెప్లికా కట్టాలంటే రెండోది కావాలి. తప్పుడు పొజిషన్‌తో కట్టిన రెప్లికా కొన్నిసార్లు వెంటనే ఆగదు, డేటా తేడాతో నడుస్తుంది, అది ఇంకా ప్రమాదం. డంప్_రెప్లికా తనే ఎస్‌క్యూఎల్ థ్రెడ్ ఆపి చివర్లో మళ్ళీ స్టార్ట్ చేస్తుంది, మధ్యలో మీరు కంట్రోల్ సీ కొట్టినా ప్రాసెస్ చచ్చినా థ్రెడ్ ఆగే ఉండిపోవచ్చు, షో రెప్లికా స్టేటస్ చూసుకోండి. ఈ రెండు పేర్లూ 8.0.26 నుంచి వచ్చాయి, అంతకు ముందు మాస్టర్_డేటా, డంప్_స్లేవ్.

అప్‌గ్రేడ్ చేశాక "ప్రాసెస్ ప్రివిలేజ్ కావాలి" అంటోంది. రీస్టోర్‌లో ఎర్రర్ 1840 కూడా వస్తోంది.

మొదటిది మైఎస్‌క్యూఎల్ 5.7.31, 8.0.21 నుంచి వచ్చిన మార్పు. నో_టేబుల్‌స్పేసెస్ ఆప్షన్ ఇవ్వండి, బ్యాకప్ యూజర్‌కి అనవసరంగా హక్కులు పెంచకండి.

1840 అంటే డంప్‌లో జీటీఐడీ (ప్రతి ట్రాన్సాక్షన్‌కీ ఉండే గుర్తింపు) సమాచారం ఉంది, మీరు రీస్టోర్ చేసే సర్వర్‌కి అప్పటికే సొంత జీటీఐడీ చరిత్ర ఉంది. టెస్ట్ సర్వర్‌లోకి ఒక డేటాబేస్ తీసుకెళ్ళడమే పని అయితే, సెట్_జీటీఐడీ_పర్జ్డ్ ఆఫ్ పెట్టి డంప్ తీయండి. నెట్‌లో రీసెట్ మాస్టర్ కొట్టమని సలహా దొరుకుతుంది. ఖాళీ కొత్త సర్వర్‌లో అది సరే. నడుస్తున్న ప్రైమరీలో కొడితే బిన్‌లాగులు అన్నీ పోతాయి, రెప్లికాలు తెగిపోతాయి.

మాది ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎవైలబిలిటీ గ్రూప్ (అందులో రెప్లికాల ఏర్పాటు). బ్యాకప్ సెకండరీ మీద తీయొచ్చా?

2022 వెర్షన్ వరకు సెకండరీ (రెప్లికా) మీద ఫుల్ బ్యాకప్ కాపీ ఓన్లీగా మాత్రమే కుదురుతుంది, డిఫరెన్షియల్ కుదరదు. లాగ్ బ్యాకప్ మామూలుగా తీయొచ్చు, ఏ రెప్లికా మీద తీసినా చైన్ ఒకటే. రీస్టోర్ చేసేటప్పుడు ఆ ఫైళ్ళన్నీ ఒకచోట ఉండాలి కాబట్టి అన్ని సర్వర్ల నుంచీ ఒకే షేర్‌లోకి పంపండి.

జాబ్ రోజూ సక్సెస్ అంటోంది. నిశ్చింతగా ఉండొచ్చా?

ఫైల్ సైజు చూడండి. 20 బైట్లు ఉందా? ఏమీ లేని ఇన్‌పుట్‌ని జీజిప్ చేస్తే సరిగ్గా 20 బైట్ల ఫైల్ వస్తుంది. పీజీ_డంప్ ఎర్రర్‌తో ఆగినా, పైపులో చివరున్న జీజిప్ తన పని తాను చేసి సక్సెస్ చెప్తుంది, టైముకి జాబులు నడిపే క్రాన్‌కి కనిపించేది అదే. బ్యాష్ స్క్రిప్ట్ మొదట్లో సెట్ మైనస్ ఓ పైప్‌ఫెయిల్ పెట్టండి.

ఫైల్ పెద్దదే అయినా అందులో ఉన్నది ఎప్పటి డేటా అన్నది ఇంకో ప్రశ్న. రెప్లికా మూడు రోజులుగా ఆగిపోయి ఉంటే డంప్ ఏ ఎర్రరూ లేకుండా మూడు రోజుల కిందటి డేటాని ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_లాస్ట్_ఎక్స్‌యాక్ట్_రీప్లే_టైమ్‌స్టాంప్, మైఎస్‌క్యూఎల్‌లో సెకండ్స్_బిహైండ్_సోర్స్ చూసి, మరీ వెనకబడి ఉంటే స్క్రిప్ట్ బ్యాకప్ మొదలుపెట్టకుండా గట్టిగా అరవాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఆ విలువ నల్ వస్తే సున్నా అని తీసుకోకండి, థ్రెడ్ ఆగిపోయిందని అర్థం.

2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సర్వీస్ గిట్‌ల్యాబ్‌లో జరిగింది వాళ్ళే బయటికి చెప్పారు. రెప్లికేషన్ సరిచేసే తొందరలో ఒక ఇంజనీర్ సెకండరీ అనుకుని ప్రైమరీ డేటా డైరెక్టరీ తీసేశారు, దాదాపు 300 జీబీ. బ్యాకప్ కోసం చూస్తే లేదు. పోస్ట్‌గ్రెస్ 9.6 సర్వర్ మీద 9.2 పీజీ_డంప్ నడుస్తోంది, తనకన్నా కొత్త సర్వర్‌ని పీజీ_డంప్ ముట్టుకోదు కాబట్టి రోజూ ఫెయిల్. ఫెయిల్ అయినట్టు వెళ్ళిన మెయిళ్ళని మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. అదృష్టం బాగుండి ఆరు గంటల కిందట వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికింది. అంత పెద్ద టీమ్‌కే అలా జరిగింది. అందుకే ఫెయిల్ అయితే మెసేజ్ పంపడం కాదు, సక్సెస్ మెసేజ్ టైముకి రాకపోతే అలారం మోగేలా పెట్టండి. మెయిల్ పోయినా, సర్వరే పోయినా అప్పుడు తెలుస్తుంది.

తుపాను కబురు వచ్చినప్పుడు ఏం చేయాలి?

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. యూపీఎస్ అలాంటప్పుడు సర్వర్‌ని పద్ధతిగా ఆపుకునేదాకానే పనికొస్తుంది. తుపాను హెచ్చరిక రాగానే ఒక ఫుల్ బ్యాకప్ తీసి, అది బయటి కాపీకి చేరిందని చూసుకుని, అప్పుడు సర్వర్ ఆపండి. సడన్‌గా పోనివ్వకండి.

రెండో కాపీ విశాఖలో ఉంది కాబట్టి సేఫ్ అంటారు చాలామంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది విశాఖలోనే. మనదీ వాళ్ళదీ ఒకే తీరం, ఒకే తుపాను రెండింటినీ తాకొచ్చు. మూడో కాపీ హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉండాలి. దానితో పాటు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తీగ పీకేసి బీరువాలో ఉంచండి, పిడుగుకీ రాన్సమ్‌వేర్‌కీ అది దొరకదు.

రీస్టోర్ టెస్ట్ ఎలా చేయాలి?

పాత డెస్క్‌టాప్ ఒకటి చాలు, డేటా పట్టేంత డిస్క్ ఉంటే. నెలకి ఒకసారి తాజా బ్యాకప్ ఫైల్‌ని అందులోకి రీస్టోర్ చేయండి. ఆ ఫైల్‌ని బయటి కాపీ నుంచే తెచ్చుకోండి, పక్క ఫోల్డర్ నుంచి కాదు. పీజీ_బేస్‌బ్యాకప్ అయితే ముందు పీజీ_వెరిఫైబ్యాకప్ నడపండి, వెర్షన్ 13 నుంచి ఉంది. అది ఫైళ్ళు సరిగ్గా ఉన్నాయని మాత్రమే చెప్తుంది, డేటాబేస్ లేస్తుందో లేదో లేపి చూస్తేనే తెలుస్తుంది.

లేచాక టెక్నికల్ చెకింగ్‌తో ఆపకండి. రోజూ ఆ సాఫ్ట్‌వేర్ వాడే మనిషిని, క్యాషియర్ గారినో అకౌంటెంట్ గారినో పిలిచి కూర్చోబెట్టండి. బ్యాకప్ తీసిన రోజు చివరి బిల్లు నంబర్ ఎంత, ఆ రోజు కలెక్షన్ ఎంత అని అడిగి, వాళ్ళ పుస్తకంతో సరిపోల్చండి. రీస్టోర్‌కి మొదటి నుంచి చివరిదాకా ఎంతసేపు పట్టిందో రాసి యాజమాన్యానికి చెప్పండి. ఆరు గంటలు పడుతుందని ముందే తెలిస్తే, సర్వర్ పోయిన రోజు ఆ ఆరు గంటలూ చేతి రసీదులతో ఎలా నడపాలో వాళ్ళు ఏర్పాటు చేసుకుంటారు.